పిలిచే తీరు

గుడివాడలో గానీ బందరులో గానీ దివిసీమలో గానీ ఓటు వేయమని జనాన్ని బతిమాలాల్సిన రోజు నేనెరిగినంతలో రాలేదు. 2024 మే 13న పోలింగు. దానికి ముందు రెండు రోజులూ హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే రహదారి కార్లతో, బస్సులతో నిండిపోయింది. టోల్ గేట్ల దగ్గర గంటల తరబడి ఆగి, నిద్ర లేకుండా ఊరు చేరి, ఓటు వేసి, ఆ రాత్రికే మళ్లీ బండెక్కిన పిల్లలు మన ఊళ్లన్నిటిలోనూ ఉన్నారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద నూటికి 82 మందికి దగ్గరగా ఓటు వేశారు. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవులకు ఓటింగు యంత్రాలు ఏరు దాటి వెళ్లాలి. వెళ్తాయి, జనమూ వస్తారు.

అదే ఊళ్లలో గ్రామసభ అని చాటింపు వేయించండి. సర్పంచి, కార్యదర్శి, సచివాలయం సిబ్బంది, వాళ్లు రమ్మంటే కాదనలేక వచ్చిన డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు, ఏ సభకైనా వచ్చే నలుగురు పెద్దవాళ్లు. అంతే. అయిదేళ్లకొక రోజు ఊరంతా కదిలే చోట, మిగతా రోజుల్లో ఊరి పనికి పట్టుమని ముప్ఫై మంది ఎందుకు రారన్నదే ఈ పుస్తకం పట్టుకున్న ప్రశ్న. ప్రశ్న పాతదే. దాన్ని ఇంత ఓపికగా విప్పిన పుస్తకం తెలుగులో నేను చూడలేదు.

రాసిన అమ్మాయి పేరు అట్ట మీద ఉంది కనుక ఇక్కడ మళ్లీ చెప్పను. దివిసీమలో పుట్టి, బందరులో చదివి, పంచాయతీ పనుల మీద ఊరూరూ తిరిగిన మనిషి. ముందుమాట అడగడానికి వచ్చినప్పుడు రాతప్రతి నా చేతిలో పెట్టి, “మాస్టారూ, జనానికి చైతన్యం లేదన్న మాట ఇందులో ఎక్కడా రాయలేదు, చూడండి” అంది. చూశాను, నిజంగానే లేదు. ముప్ఫై ఏళ్లుగా అధికారులూ మేధావులూ పత్రికల్లో రాసేవాళ్లూ కలిసి వాడుతున్న ఆ ఒక్క మాటను పక్కన పెట్టేసరికి ఆమెకు అసలు పని కనపడింది. జనం రాకపోతే పిలిచినవాళ్లు ఎలా పిలిచారో ముందు చూడాలి.

మనిషి ఒక పని చేస్తాడా మానేస్తాడా అన్నది అతని అభిప్రాయం మీద కంటే, ఆ పని అతని ముందుకు వచ్చిన తీరు మీద ఎక్కువ ఆధారపడుతుందని చెప్పే శాస్త్రం ఒకటి ఈ పాతికేళ్లలో బాగా పెరిగింది. దాన్ని ప్రవర్తనా శాస్త్రం అంటున్నారు. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ కలిసి 2008లో రాసిన ‘నడ్జ్’ పుస్తకంతో ఇది ప్రభుత్వాల దాకా పాకింది. 2010లో బ్రిటన్ ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేకంగా ఒక బృందాన్నే పెట్టుకుంది. 2017లో థేలర్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 2019 జులైలో పార్లమెంటు ముందుంచిన మన ఆర్థిక సర్వేలో కూడా దీని మీద ఒక అధ్యాయం ఉంది. ఇదంతా పుస్తకం మొదటి భాగంలో తేలిక మాటల్లో ఉంది. హైస్కూలు చదువు చదివిన ఎవరైనా అందుకోగలరు.

ఈ శాస్త్రంలో అందరూ చెప్పుకునే ప్రయోగం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2006 ఆగస్టులో జరిగింది. అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్, క్రిస్టఫర్ లారిమర్ అనే ముగ్గురు పరిశోధకులు లక్షా ఎనభై వేల ఇళ్ల దాకా తీసుకుని, కొన్నిటికి రకరకాల ఉత్తరాలు పంపారు, మిగతావాటికి ఏమీ పంపలేదు. ఓటు మీ పౌరధర్మం అని రాసిన ఉత్తరం కొద్దిగానే పనిచేసింది. నీ వీధిలో ఫలానా ఇంటివాళ్లు గత ఎన్నికల్లో ఓటు వేశారు, ఫలానావాళ్లు వేయలేదు, ఈసారి ఎవరు వేశారో కూడా అందరికీ తెలియజేస్తాం అని రాసిన ఉత్తరం మాత్రం గట్టిగా పనిచేసింది. ఉత్తరం అందనివాళ్లలో నూటికి 29.7 మంది ఓటు వేస్తే, ఇది అందినవాళ్లలో 37.8 మంది వేశారు.

అంకె ఘనంగానే ఉంది. కానీ ఆ ఉత్తరాన్ని మన ఊళ్లకు తేవడానికి నేను ఒప్పుకోను. రచయిత్రి దీన్ని కొంత మెచ్చుకోలుగా రాసింది, ఇక్కడ ఆమెతో నాకు పేచీ ఉంది. మన ఊళ్లో ఇంటి పేరు చెబితే కులం తెలుస్తుంది, వీధి పేరు చెబితే పార్టీ తెలుస్తుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న జాబితా గోడకెక్కితే, దాన్ని ముందుగా చదివేవాడు ఆ ఊరి పెత్తందారే. స్వచ్ఛ భారత్ రోజుల్లో దేశంలో కొన్నిచోట్ల తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్లేవాళ్ల వెనకాల ఈలలు ఊదారు, టార్చిలైట్లు వేశారు. మరుగుదొడ్డి కట్టుకోవడానికి జాగా లేని మనిషి మీద పడిన అవమానమది. పుస్తకం చివర్లో రచయిత్రి కూడా ఈ ప్రమాదాన్ని ఒప్పుకుంది. రెండో ముద్రణలో ఆ హెచ్చరికను ఈ ప్రయోగం పక్కకే చేర్చమని ఆమెను కోరాను.

నాకు బాగా ఉపయోగపడిందనిపించిన ప్రయోగం ఇంకొకటి. ఆరిజోనా రాష్ట్రంలో కోట్ల ఏళ్ల నాటి చెట్లు రాళ్లుగా మారిన ఒక అడవి ఉంది. సందర్శకులు ఆ రాతి ముక్కలు జేబులో వేసుకుపోతున్నారు. రాబర్ట్ సియాల్దీని బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ‘చాలామంది ముక్కలు ఎత్తుకుపోవడం వల్ల అడవి పాడైపోతోంది’ అన్న బోర్డు పెట్టిన దారిలో దొంగతనం ఎక్కువైంది. ‘దయచేసి ముక్కలు తీయకండి’ అని మాత్రమే రాసిన చోట తక్కువగా ఉంది. చాలామంది చేస్తున్నారని చెప్పడమే, నువ్వూ చేయవచ్చని చెప్పినట్టయింది. ఇది చదివాక, మన జిల్లా పత్రికల్లో ఏటా వచ్చే ‘వెలవెలబోయిన గ్రామసభలు’ అన్న శీర్షికలు నాకు వేరేగా కనిపించాయి. ఎవరూ రావడం లేదని మనం బాధతో రాసిన ప్రతి వార్తా ఇంట్లో కూర్చున్నవాడికి ధైర్యం చెబుతోంది. రచయిత్రి సలహా తిన్ననైనది. వచ్చిన ముప్ఫై మంది ఏం సాధించారో రాయండి. పడమటి వీధి కాలువ పూడిక తీయించమని ఫలానా రోజు సభలో అడిగారు, ఫలానా రోజుకి పని అయిపోయింది. అది రాయండి చాలు.

మరో ప్రయోగం 2008లో పెన్సిల్వేనియాలో జరిగింది. ఓటు వేస్తారా అని అడిగి ఊరుకోకుండా, ఎన్ని గంటలకు వెళ్తారు, ఇంటి నుంచి వెళ్తారా, పని నుంచి వెళ్తారా, ముందు ఏ పని ముగించుకుంటారు అని ఫోనులో అడిగారు. డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ చేసిన పని ఇది. అలా అడిగినవాళ్లలో ఓటు వేసినవాళ్లు నూటికి నలుగురు పెరిగారు. నా మనసుకు పట్టిన వివరం వేరే ఉంది. ఒకే ఓటరు ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్నలు బాగా పనిచేశాయి. ఇద్దరు ముగ్గురు ఓటర్లున్న ఇళ్లలో ఏ తేడా రాలేదు. ఆ ఇళ్లలో ఎప్పుడు వెళ్దాం, ఎలా వెళ్దాం అన్న మాటలు ముందే నడిచి ఉంటాయి. మన దగ్గర ఓటు విషయంలో ఇల్లంతా, ఒక్కోచోట వీధంతా కలిసి అనుకుంటారు. గ్రామసభకు వెళ్లాలా వద్దా అని మాత్రం ఎవరికివారే అనుకుంటారు, ఎవరికివారే మానుకుంటారు.

ఈ దృష్టితో చూస్తే హైదరాబాదు సంగతి కూడా అర్థమవుతుంది. 2020 డిసెంబరులో జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటు వేసినవారు సగం మంది కూడా లేరు. ఆ నగరంలో మన కృష్ణా జిల్లావాళ్లు తక్కువేమీ లేరు. అక్కడ పక్క వీధిలోని పోలింగు కేంద్రానికి వెళ్లని మనిషే ఇక్కడ ఓటుందంటే మూడు వందల కిలోమీటర్లు వస్తాడు. ఊళ్లో దిగగానే “ఎప్పుడొచ్చావురా?” అని అడిగేవాళ్లు ఉన్నారు. రాకపోతే “ఏం రాలేదు?” అని అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఆ అడిగే మనిషి లేడు. ఓటుకు డబ్బు పంచడం ఈ రాకకు ఒక కారణమని అనేవాళ్లున్నారు. డబ్బు పంచుతున్న మాట నిజం, అది మన సిగ్గు, దాన్ని గురించి రచయిత్రి మెత్తగా రాయలేదు. ఒక్క ఓటు కోసం ఒకరోజు జీతం, రెండు రాత్రుల నిద్ర, రానూపోనూ ఛార్జీలు వదులుకుని వచ్చిన పిల్లవాడి లెక్క ఆ నోట్లతో తేలదని కూడా రాసింది. నేను ఆమెతో ఏకీభవిస్తాను.

ఈ పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన భాగం మా బందరు గురించి. ప్రవర్తనా శాస్త్రం అన్న పేరు పుట్టక ముందే ఈ ఊళ్లో జనాన్ని కదిలించే విద్య తెలిసినవాళ్లు ఉన్నారు. 1902లో ఇక్కడ కృష్ణాపత్రిక మొదలైంది. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. సాయంత్రాలు పత్రిక కార్యాలయంలో జరిగే దర్బారుకు ఊరి పెద్దలూ కుర్రవాళ్లూ కలిసి వచ్చేవారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, పట్టాభి సీతారామయ్యగారు చందాల కోసం తిరిగారు. 1923 నవంబరులో పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకు పెట్టినప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ లక్ష పోగు కావాలంటే, బ్యాంకు అంటే ఏమిటో ఎన్నడూ చూడని రైతుకీ వ్యాపారికీ అది తమ బ్యాంకని నమ్మకం కలగాలి. అంతకు ముందు నుంచే సహకార సంఘాల్లో పనిచేస్తూ వచ్చిన పట్టాభిగారు, ఆయన తోటివాళ్లు ఆ నమ్మకాన్ని సంపాదించారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజు బందరులో పెద్దవాళ్లు బాధపడిన తీరు చూస్తే, ఆ పాత పిలుపు ఎంత లోతుకు దిగిందో తెలిసేది.

మన రాష్ట్రంలో రచయిత్రి ఈ జిల్లా దాటి వెళ్లిన ఒక్క ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా ఉద్యమంలో పెద్దవాళ్లకు చదువు చెప్పే వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఒక సంసారం గురించి పాఠం పెట్టారు. పాఠం చదివిన ఆడవాళ్లు అది తమ కథేనన్నారు. మర్నాటి నుంచి దుకాణం ఎలా మూయించాలో మాట్లాడుకున్నారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధమూ 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. తర్వాత నిషేధం నిలవలేదన్నది వేరే సంగతి. ఆ వాచకంలో ‘ఉద్యమించండి’ అన్న ఆదేశం ఎక్కడా లేదు. తన బతుకును అచ్చులో చూసుకున్న మనిషికి ఇంకొకరు ఆదేశం ఇవ్వనక్కర్లేకపోయింది. ఎన్నికల సంఘం 2011 నుంచి ఏటా జనవరి 25న జరుపుతున్న జాతీయ ఓటర్ల దినోత్సవానికి ప్రతిజ్ఞలూ ర్యాలీలూ ఉన్నాయి. ఆ ప్రతిజ్ఞ చదివించేవాళ్లు ఈ అధ్యాయం ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇక ఉప్పెన అధ్యాయం. ఇది చదువుతూ మధ్యలో పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫై వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు వింటే ఈ ప్రాంతంలో నా వయసు వాళ్లెవరికీ మాట రాదు. తుఫాను వస్తోందని ఆ రోజు ఎవరికీ తెలియకపోలేదు. గాలి ఎంత వేగంతో వీస్తుందో చెప్పడం వేరు, సముద్రం మీ ఇంటి కప్పు దాటి వస్తుంది, ఇప్పుడే ఫలానా చోటికి వెళ్లండి అని చెప్పడం వేరు. ఆ రెండో మాట చెప్పే నోరూ, వెళ్లడానికి గట్టి కట్టడమూ ఆ ఊళ్లకు లేకపోయాయి. తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న దాదాపు అంతటి తుఫాను మళ్లీ ఈ తీరానికే, బందరుకు కొంచెం దక్షిణంగా, వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే కదిలారు. ప్రాణనష్టం వెయ్యిలోపు ఆగింది. ఆ వెయ్యి కూడా తక్కువని నేను అనను. కానీ పదమూడేళ్లలో మారినది సముద్రం కాదుగదా.

రచయిత్రి ఇక్కడ నుంచే తన అసలు మాటకు వచ్చింది. తుఫాను హెచ్చరికకు ఊరు కదలాలంటే ఆ హెచ్చరిక చెప్పే నోటి మీద ముందు నుంచే నమ్మకం ఉండాలి. అదే మైకు, అదే కార్యదర్శి, అదే వాట్సాప్ గ్రూపు ఏడాది పొడవునా జనాన్ని పిలుస్తూ ఉంటాయి. రెండుసార్లు జనాన్ని పిలిపించి, ఫోటోలు తీసి పంపించేస్తే, మూడోసారి అదే గొంతు ఉప్పెన వస్తోందని అన్నప్పుడు ఎవరు లేస్తారు? కాబట్టి పిలుపులో కిటుకు వాడి జనాన్ని రప్పించడం సులువే అయినా, వచ్చాక వాళ్లకు పని, మాట, జవాబు లేకపోతే ఆ కిటుకు ఊరిని గుల్ల చేస్తుందని ఆమె తీర్మానం. ప్రవర్తనా శాస్త్రం మీద వచ్చిన రాతల్లో నేను చదివినంతలో ఈ మాట ఇంత గట్టిగా చెప్పినవాళ్లు లేరు. ఆ శాస్త్రం చదివిన చాలామందికి ఉత్తరం ఎలా రాయాలన్నదే లెక్క. ఉత్తరం అందుకున్నవాడికి మర్నాడు ఏమైందో వాళ్లకు పట్టదు.

కాలువల సంగతి కూడా ఇలాగే రాసింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాక ఈ డెల్టా పుట్టింది. బందరు కాలువ, రైవస్ కాలువ, దివిసీమకు నీళ్లిచ్చే కేఈబీ కాలువ మన బతుకులు. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. సంఘంలో సభ్యత్వం ఉన్న రైతుల్లో ఎంతమందికి తమ సంఘం ఏటా ఏం ఖర్చు పెట్టిందో తెలుసు? గుర్రపుడెక్క పేరుకుపోయి నీళ్లు దిగక, కోడూరు దగ్గర శివారు పొలం ఎండుతుంటే ఇంజనీరును తిట్టుకోవడమే తప్ప సంఘం సమావేశం ఎప్పుడని అడిగేవాళ్లు తక్కువ. అడగకపోవడానికి కారణం ఆమె బాగా పట్టుకుంది. సాగు చేసేది కౌలు రైతు, కబురు వెళ్లేది భూమి ఉన్న ఆసామికి. ఆసామి గుడివాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. సమావేశం పెట్టేది పగలు పదకొండు గంటలకి. నాట్లప్పుడు ఆ సమయానికి గట్టు మీద నిలబడి ఉన్న మనిషిని చైతన్యం లేనివాడనడం అన్యాయం. తీరం ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మత్స్యకార కుటుంబాల మగవాళ్లు ఇంటిపట్టున ఉండే రోజులవి. గిలకలదిండిలోనో నాగాయలంకలోనో వాళ్లతో సభ పెట్టాలంటే అప్పుడు పెట్టాలి. పిలుపులో మాటలు మార్చే ముందు పంచాంగం, పంటల కాలం చూసుకోమని ఆమె చెప్పింది. ఇంత మామూలు విషయం ప్రభుత్వ సర్క్యులర్లలో ఎక్కడా కనిపించదు.

ఇంటింటికీ వెళ్లి పిలవడం గురించిన అధ్యాయంలో ఆమె పెళ్లి పిలుపులతో పోల్చి రాసింది. శుభలేఖ పోస్టులో వస్తే ఒకలా ఉంటుంది, గడపలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే ఒకలా ఉంటుంది. పోలిక బాగుంది. నేను ఒక్కటి చేరుస్తాను. బొట్టు పెట్టి పిలిచే పద్ధతిలో భర్త పోయిన ఆడమనిషి గడప దాటేసి వెళ్లేవారు. కొన్ని పేటల వైపు అసలు వెళ్లేవారే కాదు. మనం తీసుకోవాల్సింది గడప దగ్గరికి వెళ్లడం ఒక్కటే. ఎవరి గడపకు వెళ్లకూడదో చెప్పే ఆచారాన్ని అక్కడే వదిలేయాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పాలకేంద్రం దగ్గర కొలత చూసే మనిషి, మసీదు పెద్ద, చర్చి పాస్టరు, వీళ్లంతా కలిస్తే ఏ ఇల్లూ మిగిలిపోదు. ఊరి పిలుపు వీళ్ల నోట వస్తే ఆ సభకు అన్ని వీధులూ వస్తాయి.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులు ఏవి కావాలో ఊరే చెప్పాలన్నారు. ఆ రోజు చాలా ఊళ్లలో జనం బాగానే వచ్చారు. ఆ సభల్లో రాసుకున్న పనుల పట్టిక ఇవాళ ఎవరి దగ్గర ఉంది, అందులో ఎన్ని అయ్యాయి, కానివి ఎందుకు కాలేదు అని అదే ఊరికి అదే మైకులో చెప్పిన పంచాయతీలు మాత్రమే ఈసారి పిలిస్తే పలుకుతాయి.

ఈ పుస్తకం పంచాయతీ కార్యదర్శుల చేతికి వెళ్లాలి. నీటి సంఘాల అధ్యక్షులకు, డ్వాక్రా సంఘాల నాయకురాళ్లకు, తహసీల్దారు కార్యాలయాల్లో తుఫాను హెచ్చరికలు రాసే ఉద్యోగులకు వెళ్లాలి. కాలేజీల్లో రాజనీతి శాస్త్రం చెప్పే అధ్యాపకులు దీన్ని ఒక తరగతిలో పిల్లల చేత చదివించి, తమ ఊరి గ్రామసభ చాటింపును తిరగరాయమంటే అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

రచయిత్రిని నేను కోరేది ఒకటుంది. మలి ముద్రణకు ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వెళ్లి, పడవ ఆగిపోతే ఏ కబురూ చేరని ఆ మనుషులను పిలిచే పద్ధతి ఏమిటో వాళ్లనే అడిగి రాయాలి. కౌలు రైతుల మీద రాసిన నాలుగు పేజీలను ఒక పూర్తి అధ్యాయం చేయాలి. ఆమెకు ఆ శక్తి ఉంది, ఆ ఊళ్లలో ఆమెకు ఇళ్లు తెలుసు. చిరంజీవికి నా నిండు ఆశీస్సులు.

మచిలీపట్నం